‘ఆ పేపరుదేముందిలే’ అంటున్నారా?

గ్రూపు సబ్జెక్టులకేమో ట్యూషన్లు, రివిజన్లు, రాత్రి జాగారాలు. ఇంగ్లిష్, తెలుగు, పర్యావరణం లాంటి వాటికి మాత్రం పరీక్షకు ముందు రెండు గంటలు! నిడదవోలు నుంచి డాలస్ దాకా... డిగ్రీలో అందరూ చిన్నచూపు చూసే ‘కామన్’ పేపర్ల కథ ఇది.

పొద్దున్నే నిడదవోలు జంక్షన్. భీమవరం వైపు నుంచి వచ్చే ప్యాసింజరు ఆగగానే తణుకు పిల్లలు, కాల్దరి పిల్లలు బిలబిలమంటూ దిగుతారు. కొందరు ఊళ్లోని కాలేజీలకు, ఇంకొందరు బండి మారి రాజమండ్రికి. పరీక్షల రోజులైతే ఎవరు ఏ పేపరు రాయబోతున్నారో అడగక్కర్లేదు. లావుపాటి నోట్సు, మొహంలో కంగారు ఉన్నాయంటే ఫిజిక్సో అకౌంటెన్సీనో. పల్చటి గైడును గొట్టంలా చుట్టి చేత్తో ఊపుకుంటూ వస్తున్నారంటే... అది కామన్ పేపరే!

ఇంట్లోనూ అంతే.

‘‘ఇవాళేం పరీక్షమ్మా?’’

‘‘ఎన్విరాన్‌మెంట్, నాన్నా.’’

‘‘ఓస్, అదేనా!’’ అని నాన్న మళ్లీ పేపర్లో తల దూర్చేస్తాడు. అదే కెమిస్ట్రీ అయ్యుంటే దేవుడి గూట్లో దీపం వెలిగేది, పెరుగన్నం కలిపి నోట్లో పెట్టేవాళ్లు.

చిక్కంతా ఫలితాలు వచ్చాక మొదలవుతుంది. గ్రూపు సబ్జెక్టులన్నింట్లో మంచి మార్కులు, ఇంగ్లిష్ ఒక్కటి పోయింది. ‘మళ్లీ కట్టి రాద్దాంలే’ అనుకుంటే ఆర్నెల్లు గడుస్తాయి. ఈలోగా ఏ ఉద్యోగ ప్రకటనో వస్తుంది. ‘డిగ్రీ ఉత్తీర్ణులై ఉండాలి’ అని అందులో ఓ చిన్న వాక్యం ఉంటుంది. లెక్కల్లో తొంభై వచ్చాయని చెప్పినా, ఆ వాక్యం కరగదు. ఒక సబ్జెక్టులో ఎక్కువొచ్చిన మార్కుల్ని ఇంకోదాంట్లో సర్దే పద్ధతి డిగ్రీలో లేదు. పట్టా చేతికి రావాలంటే అన్ని పేపర్లూ గట్టెక్కాల్సిందే. ఇలా ఒక్క పేపరుతో ఆగిపోయినవాళ్లు మీ చుట్టాల్లోనో మీ వీధిలోనో ఒక్కరైనా ఉండే ఉంటారు, గుర్తుచేసుకోండి.

పేరు మారింది... గైడు మారలేదు!

తాతగారి తరంలో వీటిని పార్టులుగా చెప్పుకునేవారు. భాషలు ఒక పార్టు, గ్రూపు సబ్జెక్టులు మరో పార్టు. క్లాసు కూడా దేనికది వేరుగా చూసుకునేవారు. ‘గ్రూపులో ఫస్ట్‌క్లాసండీ... భాషల్లోనే కాస్త తగ్గింది’ అని పెళ్లిచూపుల్లో చెప్పుకోవడం పెద్దవాళ్లకు తెలుసు.

అమ్మానాన్నల తరానికి ‘ఇండియన్ హెరిటేజ్ అండ్ కల్చర్’ గుర్తుండాలి. సింధు నాగరికత నుంచి స్వాతంత్య్రోద్యమం దాకా ఒకే పుస్తకంలో కూరేసిన పేపరది. దానికి ‘సైన్స్ అండ్ సివిలైజేషన్’ తోడు. 2015-16లో రాష్ట్రంలోని డిగ్రీ కాలేజీలకు క్రెడిట్ల విధానం వచ్చాక మానవ విలువలు, సాఫ్ట్‌స్కిల్స్, కంప్యూటర్ పరిజ్ఞానం లాంటివి ‘ఫౌండేషన్ కోర్సులు’గా వచ్చాయి. 2020-21లో అవే ‘లైఫ్ స్కిల్స్’, ‘స్కిల్ డెవలప్‌మెంట్’ కోర్సులయ్యాయి. 2023-24లో గ్రూపు స్థానంలో ఒక మేజర్, దానికి తోడు ఓ మైనర్ వచ్చాయి. పక్కన బహుళ విషయాల కోర్సులూ నైపుణ్య కోర్సులూ ఉండనే ఉన్నాయి. ఇన్ని పేర్లు మారినా బస్టాండు పక్కన పుస్తకాల కొట్లో దొరికే ‘ముఖ్యమైన ప్రశ్నలు-జవాబులు’ మాత్రం చెక్కుచెదరలేదు.

వీటన్నింట్లో పర్యావరణం పేపరుది వేరే కథ. అది ఏ ప్రొఫెసరుగారి ముచ్చటో కాదు, సుప్రీంకోర్టు మాట. ఎం.సి.మెహతా అనే న్యాయవాది వేసిన పిటిషన్ మీద 1991లో కోర్టు పర్యావరణాన్ని చదువులో భాగం చేయాలని చెప్పింది. అది సరిగా అమలు కావడం లేదని మళ్లీ ఆయనే కోర్టుకెక్కితే 2003లో గట్టిగా ఆదేశించింది. దాంతో యూజీసీ ఏ డిగ్రీ చదివేవాళ్లకైనా తప్పనిసరి అంటూ ఆర్నెల్ల సిలబస్ తయారుచేసింది. మొత్తం 50 పీరియడ్లు. అందులో 5 పీరియడ్లు తరగతి గదిలో కాదు, బయట... చెరువు దగ్గరో పొలంలోనో తిరిగి చూసి రాయాలి. దానికి 25 మార్కులు కూడా పెట్టారు. ఆ చెరువు దగ్గరికి ఎంతమంది వెళ్లారో మీ ఇంట్లో డిగ్రీ చదివినవాళ్లని అడిగితే సరి!

మన రాధాకృష్ణన్‌గారే చెప్పారు

అసలు లెక్కలు చదివేవాడికి సాహిత్యం ఎందుకు, బీకాం అమ్మాయికి సైన్సెందుకు? ఈ ప్రశ్న కొత్తదేం కాదు. రెండో ప్రపంచయుద్ధం ముగుస్తున్న వేళ 1945లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఇదే విషయం మీద ఓ పెద్ద నివేదిక వేసింది. మన దగ్గర 1948లో విశ్వవిద్యాలయాల చదువుపై వేసిన కమిషన్‌కు అధ్యక్షుడు సర్వేపల్లి రాధాకృష్ణన్. 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్‌ఛాన్సలర్‌గా చేసిన ఆయనే. గోదావరి జిల్లాల కాలేజీలు 2006లో రాజమండ్రిలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వచ్చేదాకా ఆ ఆంధ్రా యూనివర్సిటీ గొడుగు కిందే ఉండేవి. 1949లో ఇచ్చిన నివేదికలో ఆ కమిషన్ ‘జనరల్ ఎడ్యుకేషన్’కు ప్రత్యేకంగా చోటిచ్చింది. డిగ్రీ చదివే ప్రతి ఒక్కరికీ భాష, సైన్సు, సమాజం గురించిన కనీస అవగాహన ఉండాలని, దాన్ని ఆలస్యం లేకుండా ప్రవేశపెట్టాలని సూచించింది. మూడేళ్ల డిగ్రీ సిఫార్సూ దాంట్లోదే. మూడేళ్ల డిగ్రీని మనం బుద్ధిగా అందుకున్నాం. ఆ రెండో మాటను మాత్రం గైడుకు అప్పగించేశాం.

డాలస్‌లో ఓ అమ్మ బెంగ

ఇప్పుడు కాస్త సముద్రం దాటుదాం. ఎందుకంటే ఈ కామన్ పేపర్లకు అసలు విలువ ఎక్కడ కడతారో అక్కడ తెలుస్తుంది.

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో మనవాళ్లు ఎంతమందో చెప్పక్కర్లేదు కదా. అక్కడ పన్నెండో తరగతి అయ్యాక పిల్లలందరూ నేరుగా పెద్ద యూనివర్సిటీకి వెళ్లిపోరు. ఫీజు తక్కువని, ఇంటి నుంచి వెళ్లిరావచ్చని మొదటి రెండేళ్లు కమ్యూనిటీ కాలేజీలో చేరేవాళ్లు బోలెడుమంది. ఫ్రిస్కో, ప్లేనోల్లో క్యాంపస్‌లున్న కాలిన్ కాలేజీ అలాంటిదే. ఇలాంటి కాలేజీల చరిత్ర 1901లో ఇల్లినాయిలోని జోలియెట్‌లో మొదలైంది. రెండేళ్లు చదివి దాదాపు 60 క్రెడిట్లు పూర్తిచేస్తే ‘అసోసియేట్ డిగ్రీ’ ఇస్తారు. ఒక్కో సబ్జెక్టుకు మామూలుగా 3 క్రెడిట్లు.

ఆ 60లో ఎన్ని కామన్ పేపర్లో తెలుసా? యూనివర్సిటీకి మారేందుకు పనికొచ్చే అసోసియేట్ డిగ్రీ అయితే, టెక్సాస్‌లో ఏకంగా 42! ఇంగ్లిష్ రచన, ఉపన్యాసం లాంటివాటికి 6, లెక్కలకు 3, సైన్సుకు 6, సాహిత్యం-తత్వానికి 3, కళలకు 3, అమెరికా చరిత్రకు 6, ప్రభుత్వం-రాజకీయాలకు 6, సమాజశాస్త్రం లాంటివాటికి 3, కాలేజీ ఎంచుకునే అంశాలకు మరో 6. ప్రభుత్వం పేపర్లలో అమెరికా రాజ్యాంగంతోపాటు టెక్సాస్ రాజ్యాంగమూ చదవాలి. వృత్తి కోర్సుల్లో చేరితే ఇంత ఉండదు, కానీ అక్కడా కనీసం 15 క్రెడిట్లు తప్పవు.

‘కంప్యూటర్లు చదువుకోమని పంపిస్తే సంగీతం వినడం ఎలా అని పాఠం చెబుతున్నారు వదినా!’ అని అక్కడి అమ్మ ఇక్కడికి ఫోన్ చేస్తే, ‘అంత డబ్బు పోసి ఇదేం చదువే?’ అని ఇక్కడి వదిన ఆశ్చర్యపోతుంది. ఇద్దరిదీ తప్పు కాదు. మనకు చదువంటే మెయిన్ సబ్జెక్టే.

విచిత్రం ఏంటంటే, రెండేళ్ల తర్వాత యూనివర్సిటీకి మారేటప్పుడు ఆ పిల్లాణ్ని ఆదుకునేవి ఆ ‘పనికిరాని’ పేపర్లే! టెక్సాస్‌లో 42 క్రెడిట్ల కోర్ పూర్తిచేసిన విద్యార్థి రాష్ట్రంలోని ఏ ప్రభుత్వ యూనివర్సిటీకి మారినా వాళ్లు ఆ మొత్తాన్నీ ఒకే మూటగా ఒప్పుకోవాలి. ‘మా దగ్గర మళ్లీ చరిత్ర చదువు’ అనడానికి లేదు. మెయిన్ సబ్జెక్టుకు అంత భరోసా లేదు. ‘మీ కాలేజీలో చదివిన ప్రోగ్రామింగ్ మా సిలబస్‌కు సరిపోదు, మళ్లీ చదవండి’ అని ఓ విభాగం అన్నా అనొచ్చు. అలాగని ఇంజినీరింగ్‌కు వెళ్లేవాళ్లు కోర్ పేపర్లే ముందు ముగించి కూర్చున్నా కష్టమే. లెక్కలు, ఫిజిక్సు వెంటవెంటనే నడవకపోతే తర్వాత రెండేళ్లు కాస్తా మూడేళ్లవుతాయి. కాలిఫోర్నియాలో 2025 నుంచి 34 యూనిట్లతో ఇలాంటి ఉమ్మడి పట్టికే అమలుచేస్తున్నారు. అక్కడ చుట్టాల పిల్లలుంటే ముందు ఆ పట్టిక చూసుకోమనండి.

ఇక్కడి నుంచి ఎంఎస్‌కు వెళ్లేవాళ్లకూ ఇదే పాఠం. మార్కుల పత్రాలను అక్కడి పద్ధతిలోకి మార్చి సబ్జెక్టులవారీ నివేదిక తయారుచేసేటప్పుడు పర్యావరణమూ ఇంగ్లిషూ అందులో వరసగా కనిపిస్తాయి. ‘ఉత్త పాసైతే చాలు’ అనుకున్న మార్కే అక్కడ మొత్తం సగటును కిందికి లాగుతుంది.

రెండేళ్లకే ఆపేస్తే...

మన దగ్గరా అలాంటి రెండేళ్ల దారి ఒకటి వచ్చింది. యూజీసీ 2022 డిసెంబరులో విడుదల చేసిన విధానంలో మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. రెండేళ్లలో 80 క్రెడిట్లు పూర్తిచేసి, అదనంగా 4 క్రెడిట్ల వృత్తి కోర్సో ఇంటర్న్‌షిప్పో చేస్తే డిప్లొమాతో బయటికి రావచ్చు. పెళ్లో, నాన్న జబ్బో, ఇంటి అప్పో చదువును మధ్యలో ఆపేస్తే ఇదివరకు చేతిలో ఏమీ మిగిలేది కాదు. ఇప్పుడు సంపాదించిన క్రెడిట్లను ‘అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్’లో దాచుకునే ఏర్పాటు 2021లోనే చేశారు. గరిష్ఠంగా ఏడేళ్లు నిల్వ ఉంటాయి. ఇందులోనూ మెలిక అదే. ఏ పేపరు పాస్ కాకపోతే ఆ క్రెడిట్లు బ్యాంకులో పడవు. 120లో భాషలకు 8, ఇతర విభాగాల సబ్జెక్టులకు 9, నైపుణ్యాలకు 9, పర్యావరణంలాంటి ఉమ్మడి విలువల కోర్సులకు 6 నుంచి 8. కలిపి చూస్తే 30కి పైనే... అంటే పావు వంతు డిగ్రీ!

నిడదవోలే పాఠ్యపుస్తకం

వీటిని చిన్నచూపు చూసింది పిల్లలొక్కరే అనలేం. టైంటేబుల్‌లో ఆఖరి పీరియడ్ ఇచ్చి, ఏ లెక్చరర్‌కు క్లాసులు తక్కువుంటే ఆయనకు అప్పగించే అలవాటు చాలాచోట్ల ఉంది. 2021-22లో డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లిష్ మీడియంలోకి మారాక తెలుగు మీడియం పిల్లలకు ఇంగ్లిష్ పేపరు మరీ ముఖ్యమైంది. అది కుదిరితేనే మిగతావి అర్థమవుతాయి. దానికీ గైడే గతి అయితే ఎలా?

అదే, పనిలో పెడితే ఇవే పేపర్లు ఎంత బాగుంటాయో 2020 నాటి సిలబస్‌లోనే కనిపిస్తుంది. అందులో నర్సరీ పెంపకం ఓ నైపుణ్య కోర్సు. గోదావరి దాటితే కడియం నర్సరీలు! టూరిస్టు గైడు కోర్సు ఇంకోటి. దానికి నిడదవోలు కన్నా మంచి ఊరేది? తూర్పు చాళుక్యుల కాలంలో నిరవద్యపురంగా పిలిచిన ఊరు ఇది. రుద్రమదేవి భర్త వీరభద్రుడు ఇక్కడి చాళుక్య వంశంవాడే. రైలు మారడానికి దిగేవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు ఎందరు? ఓ డిగ్రీ విద్యార్థి చెబితే వినరూ!

మొదటి సంవత్సరం అయ్యాక చేయాల్సిన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టూ అప్పుడే వచ్చింది. 180 గంటలు, 4 క్రెడిట్లు. ఓ ఊరినో వార్డునో ఎంచుకుని, ఇల్లిల్లూ తిరిగి సర్వే చేసి, ఒక సమస్య పట్టుకుని నివేదిక రాయాలి. నిజంగా తిరిగినవాళ్లకు ఏ ఇంట్లో ఏ నీళ్లు తాగుతున్నారో, ఏ పిల్ల బడి ఎందుకు మానేసిందో తెలుస్తుంది. నెట్‌షాపులో పక్కవాళ్ల నివేదికకు పేరు మార్చి ప్రింటు తీసినవాళ్లకు బైండింగ్ ఖర్చే తెలుస్తుంది.

పిల్లల్ని డిగ్రీలో చేర్చేటప్పుడు ఫీజు రసీదుతోపాటు ఆ బ్యాచ్‌కు వర్తించే కోర్సుల పట్టిక అడిగి తీసుకోండి. నిబంధనలు తరచూ మారుతున్నాయి. అక్క బ్యాచ్ పట్టిక చెల్లికి పనికిరాదు. సెమిస్టర్ అయ్యాక ఎన్ని మార్కులొచ్చాయో కాదు, ఎన్ని క్రెడిట్లు పడ్డాయో, ఏ పేపరు మిగిలిందో అడగండి. క్రెడిట్ల బ్యాంకు ఖాతాలో పేరు, పుట్టినతేదీ ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో చూసుకోండి.

ఇక ఆ ఎన్విరాన్‌మెంట్ పరీక్షకు వెళ్లే ఇంటికి మళ్లీ వద్దాం. నాన్న పేపరు పక్కనపెట్టి, కూతురి చేతిలోని గైడు తీసుకుని నాలుగు పేజీలు తిప్పాడే అనుకోండి...

‘‘ఇందులో మన కాలువ గురించేమైనా ఉందేంటమ్మా? విజ్జేశ్వరం నుంచి వచ్చేవే కదా మనం తాగే నీళ్లు?’’

‘‘లేదు నాన్నా. గంగానది గురించుంది. అయిదు మార్కులు.’’