మాయలో ఆనందం ఎంత ఉండాలి?

పోయిన ఏడాది మా అక్కకి ఏడో నెలలో బీపీ 160 దాటింది. ప్రీ-ఎక్లాంప్సియా అన్నారు. పాప ముందే పుట్టింది, ఇప్పుడు బాగానే ఉంది. కానీ చూడటానికి వచ్చినవాళ్ళలో సగం మంది "టెన్షన్ పడ్డావేమోనమ్మా", "ఉప్పు ఎక్కువ తిన్నావా" అని అడిగి వెళ్ళారు. అక్క నవ్వి ఊరుకునేది. నాకు మాత్రం కోపమొచ్చి, అసలు ఏం జరుగుతుందో చదవడం మొదలుపెట్టాను. నేను ఎంపీసీ బ్యాచ్, బయాలజీ టెన్త్‌తోనే వదిలేశాను.

చదువుతుంటే ఒక పేరు దగ్గర ఆగిపోయాను. ఆనందమైడ్. అవును, మన ఆనందమే! 1992లో జెరూసలేంలోని హీబ్రూ యూనివర్సిటీలో, రఫాయెల్ మెషూలం ల్యాబ్‌లో పంది మెదడు నుంచి దీన్ని వేరుచేసి, సంస్కృతం నుంచి పేరు తీసుకున్నారు. గంజాయిలోని టీహెచ్‌సీ ఏ రిసెప్టర్‌కి అతుక్కుంటుందో, దానికే అతుక్కునే పదార్థాన్ని మన ఒళ్ళే తయారుచేసుకుంటుందన్నమాట. ఇలాంటి పదార్థాలు, సీబీ1, సీబీ2 అనే రిసెప్టర్లు, పనయ్యాక ఆ పదార్థాల్ని విరగ్గొట్టే ఎంజైములు, అన్నీ కలిపితే ఎండోకన్నబినాయిడ్ సిస్టమ్. ఆనందమైడ్‌ని విరగ్గొట్టే ఎంజైము పేరు ఫా. మన భాషలో గార్బేజ్ కలెక్టర్.

ఇదంతా మెదడుకే అనుకున్నా. గర్భసంచిలోనూ ఉంది, మా అమ్మమ్మ "మాయ" అనే ప్లాసెంటాలోనూ ఉంది. ఎలుకల్లో చూస్తే, పిండం అతుక్కునే చోట ఆనందమైడ్ తక్కువగా, ఆ పక్కన ఎక్కువగా ఉంటుంది. మరీ ఎక్కువైతే పిండం అతుక్కోదు. పోనీ సిగ్నల్ పూర్తిగా ఆపేస్తే? సీబీ1 లేని ఎలుకల్లో కొన్ని పిండాలు గర్భసంచి దాకా రాక ట్యూబులోనే ఇరుక్కుపోయాయి. మనుషుల్లో, తెల్ల రక్తకణాల్లో ఫా తగ్గడానికీ గర్భం పోవడానికీ సంబంధం ఉందని 2000లో ఇటలీ పరిశోధకులు రాశారు.

అతుక్కున్నాక అసలు పని మొదలవుతుంది. మాయ తాలూకు ట్రోఫోబ్లాస్ట్ కణాలు గర్భసంచి గోడలోకి చొచ్చుకెళ్ళి, అక్కడి సన్నటి రక్తనాళాల్ని వెడల్పు చేయాలి. ప్రీ-ఎక్లాంప్సియాలో, ముఖ్యంగా తొందరగా వచ్చే రకంలో, చాలాసార్లు ఈ పని సగంలోనే ఆగిపోతుంది. నాళాలు ఇరుకుగానే ఉండిపోతాయి, మాయకి రక్తం చాలదు. అప్పుడది వదిలే పదార్థాలు అమ్మ రక్తనాళాల్ని దెబ్బతీస్తాయి, బీపీ పెరుగుతుంది. అంటే ఏడో నెలలో బయటపడ్డ జబ్బుకి పునాది మొదటి నెలల్లోనే పడి ఉండొచ్చు. ఈ ముక్క ఫోన్లో చెబితే అక్క కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఇది అమ్మక్కూడా చెప్పరా" అంది.

ఇక్కడ ఆనందమైడ్ పాత్ర ఎంత? ల్యాబ్‌లో ట్రోఫోబ్లాస్ట్ కణాలకి ఎక్కువగా ఇస్తే చచ్చిపోతున్నాయి. ప్రీ-ఎక్లాంప్సియా వచ్చిన మాయల్లో సీబీ1 ఎక్కువగా కనిపించింది కూడా. అది కారణమా, ఫలితమా అన్నది ఇంకా తేలలేదు. కోరిలేషన్ గొడవ మనకి తెలిసిందేగా.

గంజాయి సంగతి మాత్రం సూటిగా చెప్పొచ్చు. వేవిళ్ళు తగ్గుతాయని అమెరికాలో కొందరు గర్భిణులు వాడుతున్నారు, అక్కడి గైనకాలజిస్టుల సంఘం వద్దంటోంది. టీహెచ్‌సీ మాయని దాటి బిడ్డ దాకా వెళ్తుంది. వాడినవాళ్ళకి తక్కువ బరువు పిల్లలు పుట్టడం చాలా స్టడీల్లో కనిపించింది. ఒళ్ళు ఆనందమైడ్‌ని చోటు చూసి, టైమ్ చూసి పెంచుతుంది, తగ్గిస్తుంది. బయట నుంచి వచ్చే టీహెచ్‌సీకి చోటూ టైమూ లేవు. దాన్ని విరగ్గొట్టడం ఫా వల్ల కాదు, లివరే చూసుకోవాలి, దానికి రోజులు పడుతుంది.