లాకులు: పడవలెక్కే మెట్లు

మన విశాఖ వన్ టౌన్ పక్కనున్న రేవులోకి ఓడలు సముద్రంలోంచి నేరుగా వచ్చేస్తాయి. ఇక్కడ ఆటుపోట్ల తేడా రెండు మీటర్ల లోపే. హుగ్లీ నదిలో తేడా చాలా ఎక్కువ. అందుకే కోల్‌కతాలోని కిడ్డర్‌పూర్ డాకులోకి ఓడ తలుపులు దాటి వెళ్ళాలి. ఆ తలుపుల ఏర్పాటే లాకు.

మన రాష్ట్రంలో లాకులు చూడాలంటే ధవళేశ్వరం వెళ్ళండి. ఆర్థర్ కాటన్ 1847-52 మధ్య అక్కడ గోదావరికి ఆనకట్ట కట్టించాడు. దాని కాలువలు పొలాలకు నీళ్ళు, పడవలకు దారి రెండూ ఇచ్చాయి. ధాన్యం పడవలను మనుషులే గట్టు వెంట నడుస్తూ తాళ్ళతో లాగేవారు. నేల వాలిన చోట కాలువను మెట్లుగా దించి, మెట్టు దగ్గర లాకు కట్టారు.

రెండు జతల తలుపుల మధ్య రాతి తొట్టి ఊహించుకోండి. దిగువ నుంచి పడవ లోపలికి రాగానే వెనుక తలుపులు మూసి, ఎగువ తూములు ఎత్తుతారు. నీరు నిండినకొద్దీ పడవ లేస్తుంది. ఇంజనూ లేదు, పంపూ లేదు!

తొందరపడి ఎగువ తలుపు తెరవగలమా? 3 మీటర్ల వెడల్పు తలుపుకు ఒక వైపు 2 మీటర్ల నీరు, రెండో వైపు ఖాళీ అనుకుందాం. సగటు పీడనం 9,800 పాస్కల్‌లు, వైశాల్యం 6 చదరపు మీటర్లు. బలం 58,800 న్యూటన్లు, అంటే ఆరు టన్నుల బరువంత! పైగా రెండు తలుపులూ ఎగువకు మొన తేలి కలుస్తాయి కనుక నీరే వాటిని బిగించి పడుతుంది. మట్టాలు సమమయ్యాక మాత్రం మనుషులు తోస్తే చాలు.

అయితే పడవ దాటినప్పుడల్లా తొట్టెడు నీరు దిగువకు జారిపోతుంది. నీటి ఎద్దడి ఏడాదిలో ఎగువ పొలాలకు అది లోటే. ఇక వేసవిలో కాలువ కట్టేశారంటే పడవలూ ఆగిపోయేవి.