విద్యార్థి పరిశోధనలో నడిమి దశ

ఉపాధ్యాయుడు తరగతిలో ఒక విషయమునిచ్చి, "దీనిని గూర్చి చదివి మూడు వారములలో వ్యాసము వ్రాసి తెండు" అని చెప్పును. గడువు తేదీయు, పుటల సంఖ్యయు, మార్కులును నల్లబల్లపై వ్రాయబడును. ఆనాటికిని గడువు నాటికిని నడుమ విద్యార్థి మనస్సులో ఏమి జరుగుచున్నదో సాధారణముగా ఎవ్వరును విచారింపరు. వ్యాసము చేతికి వచ్చిన పిమ్మట దాని గుణదోషములను ఎంచుటతో పని ముగియును.

ఈ నడిమి కాలమును శాస్త్రీయముగా పరిశీలించినవారిలో అమెరికా దేశీయురాలగు కారొల్ కూల్తౌ ముఖ్యురాలు. పాఠశాల గ్రంథాలయములో పనిచేసిన అనుభవముతో ఆమె 1980 తరువాతి సంవత్సరములలో రట్గర్స్ విశ్వవిద్యాలయమున ఈ పరిశోధన సాగించెను. ఉన్నత పాఠశాల చివరి తరగతి విద్యార్థులు వ్యాసములకై గ్రంథములు వెదకునపుడు ఏమి చేయుచున్నారు, ఏమి ఆలోచించుచున్నారు, ఎట్టి మనోభావములకు లోనగుచున్నారు అను మూడింటిని ఆమె గమనించెను. పిమ్మట 21 చోట్ల 385 మంది గ్రంథాలయ పాఠకులను పరిశీలింపగా, స్థూలముగా అదే క్రమము కనబడెను.

ఆమె ఈ పనిని ఆరు దశలుగా విభజించెను. మొదటిది ప్రారంభము: పని అప్పగింపబడగానే విద్యార్థికి దిగులు కలుగును. రెండవది ఎంపిక: విషయము నిర్ణయమైనంతనే ఊరటయు, ఉత్సాహమును కలుగును. మూడవది అన్వేషణ: దొరకిన గ్రంథములు చదువుకొలది గందరగోళము, సందేహము, ఒక్కొక్కప్పుడు నిరాశ కలుగును. నాల్గవది కేంద్రీకరణము: చదివినదానినుండి తనదైన ప్రశ్న యొకటి రూపొందును, మనస్సు తేటపడును. ఐదవది సేకరణ: ఆ ప్రశ్నకు పనికివచ్చు వివరములను మాత్రమే సమకూర్చుకొనును, ధైర్యము పెరుగును. ఆరవది సమర్పణ: వ్యాసము ముగించినపుడు తృప్తియో, ఆశాభంగమో కలుగును.

ఇందు గమనింపదగిన దేమనగా, ధైర్యము మెట్టుమెట్టునకు పెరుగుచు పోదు. రెండవ దశలో పెరిగి, మూడవ దశలో పడిపోవును. ఎక్కువ చదివినకొలది ఎక్కువ తెలియవలెను గదా, గందరగోళ మేల? అమెరికా మనస్తత్త్వవేత్త జార్జి కెల్లీ 1955లో ప్రకటించిన సిద్ధాంతములో దీనికి కూల్తౌ సమాధానము కనుగొనెను. మనుష్యుడు తనకు ముందే ఉన్న భావముల చట్రములో క్రొత్త సంగతులను ఇముడ్చుకొనజూచును. అవి ఇమడనపుడు చట్రమునే మార్చుకొనవలసి వచ్చును. అది మారువరకు కలత తప్పదు.

ఉదాహరణమునకు, ఒక బాలిక గుర్రపుడెక్కను గూర్చి వ్రాయ దలచినదనుకొందము. అది చెరువును దట్టముగా కప్పి వెలుతురును అడ్డగించుననియు, క్రుళ్ళునపుడు నీటిలోని ప్రాణవాయువును హరించి చేపలకు చేటు తెచ్చుననియు ఒక పుస్తకములో చదువును. మురికినీటిలోని కొన్ని హానికర లోహములను అది పీల్చుకొనునని మరియొక పుస్తకములో చదువును. ఏది నిజము? "నాకు ఈ విషయము అర్థము కాదు" అని ఆ బాలిక అనుకొనును. వాస్తవమునకు ఆమె సరియైన చోటికే వచ్చినది. "గుర్రపుడెక్క ఎప్పుడు మేలు చేయును, ఎప్పుడు కీడు చేయును?" అను ప్రశ్న ఆ వైరుధ్యమునుండియే పుట్టవలెను. మొక్కను తీసివేసినచో అది పీల్చిన లోహములు దానితోపాటు వెలికి పోవును. అక్కడనే క్రుళ్ళనిచ్చినచో అవి తిరిగి నీటిలో చేరును. ఈ మాట తెలిసిననాడు రెండు పుస్తకములును ఒకదానికొకటి విరోధులు కావు.

కాని చాలమంది ఇంతదూరము రారు. సందేహమును తమ తెలివితక్కువతనముగా ఎంచి, కొందరు విషయమునే మార్చివేయుదురు. కొందరు గడువు ముందటి రాత్రివరకు పని వాయిదా వేయుదురు. మరికొందరు ఉన్నదున్నట్లు ఎత్తివ్రాయుదురు. నాల్గవ దశను దాటవేసి మూడవ దశనుండి నేరుగా సేకరణకు దుముకుటయే ఇందలి లోపము. ఇంటర్నెట్టు వచ్చిన పిమ్మట సేకరణ మిక్కిలి సులభమైనది; ప్రశ్నను రూపొందించుకొను పని మాత్రము సులభము కాలేదు. అందువలన ఆ దుముకు నేడు మరింత సులువైనది.

కాబట్టి ఉపాధ్యాయుని సహాయము తొలినాడును, తుదినాడును మాత్రమే కాక, ఈ నడిమి దశలో ఎక్కువగా కావలెను. మొదటి వారము చివర "ఎంత వ్రాసితివి?" అనుటకు బదులు "చదివినదానిలో ఏది ఆశ్చర్యము కలిగించినది? ఏ రెండు సంగతులు పొసగలేదు?" అని అడుగవచ్చును. ఈ దశలో పుటలకొలది వివరములు దింపుకొనుటకంటె, తోచిన భావములను నాలుగు వాక్యములలో వ్రాసికొనుట మేలు. ఇట్టి గందరగోళము రాబోవుచున్నదని తరగతికి ముందే చెప్పుటయు అవసరమే. త్రోవలో వాగున్నదని ఎరిగినవాడు నీరు చూచి వెనుదిరుగడు.

1993లో ప్రారంభమైన జాతీయ బాలల సైన్సు కాంగ్రెసులో 10 నుండి 17 ఏండ్ల బాలబాలికలు తమ పరిసరముల సమస్యలపై పరిశోధనలు చేసి సమర్పించిరి. అట్టి పనులలో గ్రంథములతో పాటు కొలతలును పొసగకపోవచ్చును. పొసగని కొలతను దాచివేయక, అట్లేల వచ్చినదని అడుగుట అక్కడను నాల్గవ దశకు దారి.

కూల్తౌ తన తొలి విద్యార్థులలో కొందరిని కళాశాల చదువు నాలుగేండ్లు గడచిన పిమ్మట మరల ప్రశ్నించెను. చదువుకొలది విషయము రూపు మారుట సహజమేనని వారు అప్పటికి గ్రహించియుండిరి. వారికి అనుభవము వలన తెలిసిన ఈ సంగతిని మన విద్యార్థులకు తొమ్మిదవ తరగతిలోనే ఉపాధ్యాయుడు చెప్పగలడు.