ఉర్దూ పేజీలో తారుమారయ్యే ఫోన్ నంబరు

సూరత్‌కు దక్షిణాన ఉన్న సచిన్‌ నేడు పారిశ్రామిక వాడ. 1948 వరకు ఆఫ్రికా మూలాలున్న సిద్దీ నవాబుల సంస్థానం. గుజరాతీ, ఉర్దూలతో పాటు మరమగ్గాల పనికి వచ్చిన కుటుంబాల తెలుగూ సూరత్ ప్రాంతంలో వినిపిస్తుంది. కర్మాగారంలో ప్రమాదం జరిగితే ఎవరికి ఫోన్ చేయాలో ఈ మూడు భాషల్లో ఒకే వెబ్‌పేజీలో పెట్టాలనుకోండి.

గుజరాతీ, తెలుగు ఎడమ నుంచి కుడికి నడుస్తాయి. ఉర్దూ కుడి నుంచి ఎడమకు. అందులోనూ అంకెలు మాత్రం ఎడమ నుంచే. చిక్కంతా ఇక్కడే. ఉర్దూ మాట తర్వాత సూరత్ కోడ్ 0261, అడ్డగీత, మిగతా నంబరు రాస్తే, యూనికోడ్ నియమాల ప్రకారం ఆ గీత ఉర్దూ దిశనే పాటిస్తుంది. దాంతో 0261 కుడివైపు ఉండిపోయి, మిగతా నంబరు దానికి ఎడమన పడుతుంది. కనిపించినట్టే ఎడమ నుంచి నొక్కితే ఫోన్ కలవదు.

విరుగుడు చిన్నదే. నంబరును విడిగా ఒక ట్యాగ్‌లో ఉంచి, 'డిర్' విలువ 'ఎల్‌టీఆర్' అని ఇస్తే చాలు. దీన్ని హెచ్‌టీఎంఎల్‌లోనే చేయడం మేలు. స్టైల్ ఫైల్ లోడ్ కాకపోయినా దిశ తప్పదు.

సీఎస్‌ఎస్‌ పని పేజీ రూపం. 'మార్జిన్-లెఫ్ట్'కు బదులు 'మార్జిన్-ఇన్‌లైన్-స్టార్ట్' అని రాస్తే, వాక్యం మొదలయ్యే వైపే ఖాళీ పడుతుంది: తెలుగులో ఎడమన, ఉర్దూలో కుడిన. వెనక్కి వెళ్లే బాణం బొమ్మను మాత్రం అది తనంతట తాను తిప్పదు. దానికి విడిగా నియమం రాయాల్సిందే.