అలుగు గీసే గీత

ఇల్లు కట్టే మేస్త్రీ దగ్గర సన్నని పారదర్శకమైన పైపు ఒకటి ఉంటుంది. అందులో నీళ్ళు నింపి, ఒక కొసను ఈ మూలన, ఇంకో కొసను ఆ మూలన పట్టుకుంటారు. రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే ఎత్తున నిలుస్తాయి కాబట్టి, అక్కడ గుర్తు పెట్టుకుని పునాది మట్టం సరిచూస్తారు. చెరువు హద్దును తేల్చే పద్ధతికీ ఇదే మూలం. చెరువు నిండాక మిగులు నీరు పొర్లిపోవడానికి కట్టకు ఒక పక్కన రాతితో కట్టిన అంచు ఉంటుంది. అదే అలుగు. ఆ అంచు ఎంత ఎత్తులో ఉందో చూసి, చెరువు చుట్టూ అంతే ఎత్తున్న చోట్లన్నిటినీ కలుపుకుంటూ పోతే ఒక గీత వస్తుంది. కాగితాల్లో దాని పేరు ఎఫ్‌టీఎల్, అంటే పూర్తి నీటిమట్టం.

ఈ గీత ఏ అధికారి అభిప్రాయమూ కాదు. అలుగు ఎత్తు మారనంత వరకు గీతా మారదు. ఏప్రిల్‌లో చెరువు సగానికి ఎండిపోయి, నెర్రెలిచ్చిన నేల మీద గేదెలు మేస్తున్నా సరే, ఆ నేల గీతకు లోపలే ఉన్నట్టు లెక్క. తెలంగాణ పల్లెల్లో అలాంటి నేలను శిఖం అంటారు. కొన్ని చోట్ల దానికి పట్టాలు కూడా ఉన్నాయి. నీళ్ళు తగ్గినప్పుడు అక్కడ సాగు చేసుకోవచ్చు, ఇల్లు మాత్రం కట్టకూడదు. ప్లాటు చూడటానికి మనం ఎక్కువగా ఎండాకాలంలోనే వెళ్తాం. చెరువు తన పూర్తి రూపంలో కనిపించని కాలం అదే.

ఎఫ్‌టీఎల్ దాటాక కూడా కొంత నేల వదలాలి. దాన్ని బఫర్ అంటున్నారు. 2012 ఏప్రిల్ 7న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం భవన నిర్మాణ నియమాలతో ఇచ్చిన జీవో 168లో ఈ కొలతలు ఉన్నాయి. చెరువు పది హెక్టార్లు, అంటే సుమారు పాతికెకరాలు, అంతకు మించి ఉంటే ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు వదలాలి. అంతకన్నా చిన్న చెరువుకూ కుంటకూ 9 మీటర్లు. వాగు, నాలా పది మీటర్లకు మించి వెడల్పుంటే 9 మీటర్లు, లేకపోతే 2 మీటర్లు. 2024 జులైలో చెరువుల ఆక్రమణలను తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడి కూల్చివేతలు మొదలయ్యాక హైదరాబాదులో ఈ అంకెలు ఇంటింటి మాట అయ్యాయి. అయితే అంకెలు తెలిసినంతగా వాటి వెనకున్న పని తెలియలేదు. ఈ వ్యాసం ఆ పని గురించే.

ముప్పై మీటర్లంటే చాలా దూరమే అనిపిస్తుంది. వాలుతో కలిపి చూస్తే అది ఎంత తక్కువో తెలుస్తుంది. చెరువులోకి నీరు వచ్చే వైపు నేల చాలా చోట్ల మెల్లగా వాలుతుంది. రెండు వందల మీటర్లు నడిస్తే ఒక్క మీటరు ఎత్తెక్కే నేలను తీసుకుందాం. అక్కడ ముప్పై మీటర్ల బఫర్ దాటేసరికి మనం ఎక్కింది పదిహేను సెంటీమీటర్లు, అంటే అరడుగు. తొమ్మిది మీటర్ల బఫరైతే రెండంగుళాలు కూడా ఉండదు.

ఇక్కడ ఇంకో సంగతి కలుస్తుంది. నీరు అలుగు అంచుకు సరిగ్గా సమంగా ఉన్నప్పుడు ఒక్క చుక్క కూడా బయటికి పోదు. పొర్లాలంటే అంచుకన్నా పైకి లేవాలి. పెద్ద వాన పడి అలుగు మీద అడుగు మందాన నీరు దూకుతోందంటే, చెరువంతా ఎఫ్‌టీఎల్ కన్నా అడుగో, ఇంకాస్త ఎక్కువో పైకి వచ్చిందని అర్థం. మనం అనుకున్న వాలులో ఆ అడుగు నీరు గీత దాటి అరవై మీటర్ల వరకు పాకుతుంది. కాబట్టి బఫర్ అంటే చెరువు అందం కోసం వదిలిన ఖాళీ కాదు. వరద వచ్చిన రోజు చెరువు కాలు చాపుకునే చోటు. 2020 అక్టోబరు వానలకు హైదరాబాదు శివార్లలో జల్‌పల్లి వైపు ఉస్మాన్‌నగర్‌లో బుర్హాన్‌ఖాన్ చెరువు నీరు ఇళ్ళ మధ్య నెలల తరబడి నిలిచిపోయింది. ఆ ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు కూలినాలి చేసి కూడబెట్టుకున్నవాళ్ళు. వాళ్ళకు ఈ లెక్క ముందే ఎవరైనా విడమరిచి చెప్పి ఉండాల్సింది.

బఫర్‌కు రెండో పని కూడా ఉంది. అది నేల చేసే పని కాదు, నేల మీది మొక్కలు చేసే పని. వాననీరు పలుచగా పరుచుకుని గడ్డిలోంచి, తుంగలోంచి వచ్చేటప్పుడు దాని వేగం తగ్గుతుంది. వేగం తగ్గగానే మోసుకొచ్చిన ఒండ్రు కిందికి దిగుతుంది. ఎరువుల్లోని, మురికిలోని భాస్వరంలో చాలా భాగం మట్టి రేణువులను అంటిపెట్టుకునే ప్రయాణిస్తుంది. ఒండ్రు ఆగితే అదీ ఆగుతుంది. కరిగి వచ్చే నత్రజనిలో కొంత వేళ్ళు తాగుతాయి. ఈ రెండూ అడ్డులేకుండా చెరువులో పడితే వాటిని తిని గుర్రపుడెక్క పెరుగుతుంది.

మా ఇంటికి దగ్గరి చెరువు దగ్గర జూన్‌లో ఒక వాన వెలిశాక దీన్ని కళ్ళారా చూశాను. ఒక పక్కన జమ్ము, తుంగ, వాటి వెనక నాలుగైదు నల్లతుమ్మలు మిగిలి ఉన్నాయి. జమ్ము కాడను పట్టుకుని పైకి నిమిరితే వేళ్ళకు జానెడు ఎత్తు వరకు మెత్తటి ఎర్రమట్టి అంటింది. దాని పాదాల దగ్గర నీరు దాదాపు తేటగా ఉంది. నూరడుగుల అవతల గట్టుకు రాతి పలకలు పరిచి, నడకబాట వేసి, పచ్చిక పెంచారు. అక్కడ బాట మీది నీరంతా ఒక మూలకు చేరి, ప్లాస్టిక్ కవర్లతో, నురగతో చెరువులోకి దూకుతోంది. రెండు చోట్లా ఇల్లు లేదు. నియమం ప్రకారం రెండూ బఫరే.

నా బాధంతా ఇక్కడే. మన నియమం ఏం కట్టకూడదో చెప్పింది. ఏం పెరగాలన్నది హరితపట్టీ అన్న ఒక్క మాటతో సరిపెట్టింది. పైగా వీలున్న చోట చెరువు చుట్టూ కనీసం 12 మీటర్ల రోడ్డో నడకబాటో వేయవచ్చనీ అంది. ముప్పైలో పన్నెండు పోతే మిగిలేది పద్దెనిమిది. అందులో కత్తిరించిన పచ్చిక పరిస్తే చూపుకు పచ్చగానే ఉంటుంది. కానీ పొట్టి గడ్డి వేళ్ళు లోతుకు దిగవు, గట్టును పట్టుకోవు. ఆ గడ్డి కొంగ గూటికీ పనికిరాదు.

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం చెరువుల రాష్ట్రమనే చెప్పాలి. అక్కడ ఇల్లు, నీరు మామూలుగా చేరే గరిష్ఠ అంచు నుంచి 75 అడుగులు వెనక ఉండాలి. ఆ 75లో నీటిని ఆనుకున్న 35 అడుగుల్లో సహజంగా పెరిగే చెట్టూ చేమా తీసేయకూడదని విడిగా ఇంకో నియమం ఉంది. ఇంటివాళ్ళు నీళ్ళ దగ్గరికి వెళ్ళడానికి, ఇంట్లోంచి చెరువు చూసుకోవడానికి ప్రతి వంద అడుగుల ఒడ్డుకు 35 అడుగుల మేర సందు తెరుచుకోవచ్చు. అమలు చేసేది కౌంటీలు, అంటే మన జిల్లాల వంటి పాలనా విభాగాలు. 2015లో వచ్చిన చట్టంతో, రాష్ట్రం పెట్టిన కొలతలకన్నా కఠినంగా ఉండే వీలు వాటికి పోయింది. ఆ లోపం ఉన్నా, ఇంటి దూరమూ మొక్కల వెడల్పూ వేరువేరు కొలతలని అక్కడి నియమం గుర్తించింది. మన నియమంలో లేనిది అదే.

మొక్కల పట్టీ అన్నీ చేయలేదని కూడా ఒప్పుకోవాలి. నాలాలోంచో పైపులోంచో నేరుగా వచ్చి పడే మురుగును అది తాకనైనా తాకదు. దానికి శుద్ధి కేంద్రమే దిక్కు. నాలాను వదిలేసి ఒడ్డున మొక్కలు నాటి చెరువును బాగుచేశామంటే నమ్మకూడదు.

బఫర్‌లో పట్టా భూమి ఉన్నవారి మాట కూడా న్యాయంగా వినాలి. ఆ భూమి వారిదే, కట్టుకునే హక్కు మాత్రం లేదు. పెద్ద లేఅవుట్ వేసేవారు బఫర్‌ను తాము వదలాల్సిన ఖాళీస్థలం కింద లెక్క చూపుకోవచ్చని నియమమే చెబుతోంది. నూట యాభై గజాలు కొన్నవారికి అలా సర్దుకునే చోటేదీ లేదు. అందుకే కొనేముందు హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్ఎండీఏ) చెరువుల పటం, గ్రామ నక్షా చూడాలి. ఆ తర్వాత ఒకసారి అలుగు దగ్గరికి వెళ్ళి నిలబడాలి. ఆ రాతి అంచు కట్టకు నీటివైపున్న మన ప్లాటు నేలకన్నా ఎత్తులో ఉందని తేలితే బేరం అక్కడితో ఆపేయవచ్చు.

చెరువు నోటిఫికేషన్‌తో వచ్చే పటంలో ఇప్పుడు రెండు గీతలు ఉంటున్నాయి. లోపలిది ఎఫ్‌టీఎల్, వెలుపలిది బఫర్. ఆ రెండింటి మధ్య, నీటివైపు పది మీటర్ల దగ్గర మూడో గీత గీయాలి. దాని లోపల బాట వేయకూడదు, పలకలు పరచకూడదు, పచ్చిక కత్తిరించే యంత్రం తిరగకూడదు. లొట్టపీసు, సర్కారు తుమ్మ పీకేసి తుంగ, జమ్ము, వావిలి పెరగనివ్వాలి. వాటి వెనక నల్లతుమ్మ, కానుగ, ఏరుమద్ది నాటాలి. పన్నెండు మీటర్ల బాట వేసినా దీనికి చోటుంటుంది. తొమ్మిది మీటర్ల కుంటల దగ్గర మాత్రం బాట మాట ఎత్తకుండా, ఉన్నదంతా మొక్కలకే ఇవ్వాలి.