గీత కలవని వలయం

థెవెనిన్ సిద్ధాంతం 1883 నాటిది. దాన్ని వివరించేటప్పుడు ఎడమవైపు అసలు విద్యుద్వలయం, కుడివైపు దాని సమాన వలయం, మధ్యన సమాన గుర్తు వేస్తాం. జూనియర్ తమ్ముళ్ళ కోసం లాటెక్‌లో నోట్సు కూర్చినప్పుడు నేనూ అట్లాగే వేశాను. కాని అచ్చులో ఎడమ బొమ్మలోని 'బి' అగ్రం, కుడి బొమ్మలోని 'ఎ' అగ్రం ఒకే వరసలో కొచ్చాయి. ఒక తమ్ముడు అదే నిజమనుకుని లెక్క చేశాడు. వోల్టేజి గుర్తు తారుమారైంది. తప్పు వాడిది కాదు, నాది.

ఇలా ఎందుకవుతుంది? లాటెక్ ప్రతి బొమ్మనూ ఒక పెద్ద అక్షరంలాగే చూస్తుంది. మనమేమీ చెప్పకపోతే బొమ్మ అడుగు అంచును అక్షరాల కింది గీత మీద, అంటే బేస్‌లైన్ మీద నిలబెడుతుంది. ఎడమ బొమ్మ కింద భూసంధానం గుర్తు, దాని పేరు ఉన్నాయి. అవి అడుగున చేరి, తీగలన్నిటినీ పైకి నెట్టాయి.

బొమ్మ మధ్యకు బేస్‌లైన్ పెడితే చాలదా? చాలదు. ఆ గుర్తు వల్ల మధ్య కూడా జరుగుతుంది. రెండు బొమ్మల్లోనూ 'ఎ', 'బి'ల నడుమ దూరం సమానంగా గీయాలి. ఆ రెండింటి మధ్య బిందువుకు ఒక పేరు పెట్టి, దానికి అర 'ఎక్స్' ఎత్తు కిందుగా బేస్‌లైన్ ఉంచాలి. సమాన గుర్తు బేస్‌లైన్‌కు కొంచెం పైన ఉంటుంది కనుక ఈ సవరణ.

మా పొలంలో తాడు పట్టి నాట్లు వేస్తారు. గట్టు వంకరైనా సాలు వంకర పోదు. బొమ్మకైనా అంచును నమ్మకూడదు, తాడునే నమ్మాలి.