మలివయసులో నడుము కొలత, అన్నం పళ్లెం

బొయిపరిగుడ, జయపురం, కొరాపుట్ ప్రాంతాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో అరవై దాటిన పెద్దలు తరచుగా అనే మాట ఒకటి ఉంది: "తినేది గుప్పెడే, పొట్ట మాత్రం తగ్గదు." ఇందులో అబద్ధం లేదు. వయసుతో తిండి తగ్గడం సహజం. అయితే పళ్లెంలో నుంచి ఏది తగ్గింది, ఏది మిగిలింది అన్నదే ఇక్కడ విచారించవలసిన విషయం.

వయసు పెరిగే కొద్దీ కండ కరుగుతుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా శక్తిని ఎక్కువగా ఖర్చు చేసేది కొవ్వు కాదు, కండ. అది తరిగినప్పుడు ఒకప్పుడు సరిపోయిన అన్నమే అధికమై, కొవ్వుగా మారి పొట్ట చుట్టూ చేరుతుంది. కండ పోయినంత కొవ్వు చేరితే తూకంలో తేడా కనిపించదు. వృద్ధాప్యంలో వెన్నెముక కుంగి ఎత్తు తగ్గుతుంది కనుక, ఎత్తునూ బరువునూ కలిపి లెక్కించే సూచిక కూడా కొంత తప్పుదారి పట్టించవచ్చు. అందువల్ల టేపుతో కొలవడం మేలు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ, ఊపిరి వదిలిన తరువాత కొలవాలి. పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే మధుమేహం, రక్తపోటు, గుండె జబ్బుల ముప్పు పెరిగినట్లే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల స్త్రీలలో అధిక బరువు గలవారు ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 36 శాతం, ఒడిశాలో సుమారు 23 శాతం. ఈ తేడా అంతా మంచి ఆహారపు చలవ అనుకోరాదు; పేదరికం, పోషకాహార లోపం కూడా అందులో ఉన్నాయి. అయినా అటునుంచి వచ్చిన మనం వెంట తెచ్చుకున్న అలవాట్లేమిటో ఆలోచించుకోవడానికి ఈ అంకెలు చాలు.

పళ్లెం ఎలా పలచబడుతుందో గమనించండి. పళ్లు ఊడగానే జామకాయ, వేరుశనగ, మాంసం దూరమవుతాయి. ఆకుకూర బాగుచేసే ఓపిక ఉండదు. చివరకు మిగిలేవి మెత్తని తెల్లన్నం, చారు, ఆవకాయ, ఇడ్లీ, ఉప్మా, టీలో ముంచిన బిస్కట్లు. కడుపు నిండుతుంది, కండకు కావలసిన మాంసకృత్తులు మాత్రం అందవు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెలలో చోడి అంబలి తాగి పొలానికి వెళ్లినవారి పిల్లలు పట్నం చేరాక దానిని లేనివాళ్ల తిండిగా చూసి వదిలేశారు. పొలం పని కూడా పోయింది. అన్నం ముద్ద మాత్రం అదే పరిమాణంలో నిలిచింది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన మార్గదర్శకాలలో, రోజుకు రెండు వేల కేలరీల ఆహారానికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలూ ఆకుకూరలూ కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు, గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు సూచించారు. పెద్దవారికి అంతకంటే తక్కువ కేలరీలు చాలు. అప్పుడు తగ్గించవలసినవి ధాన్యం, నూనె, చక్కెర; పప్పు, కూర కాదు. మన ఇళ్లలో సాధారణంగా జరిగేది దీనికి విరుద్ధం. నూనె లెక్క సులభం: ఇద్దరున్న ఇంట్లో నెలకు రెండు లీటర్ల సీసా పూర్తిగా ఖర్చయితే హద్దు దాటినట్లే.

ఈ లోటు తీర్చే సరుకు మన చుట్టూనే పండుతున్నది. కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ ప్రాముఖ్యం గల వారసత్వంగా గుర్తించింది. నాటు వరి విత్తనాలను కాపాడినందుకు 2019లో పద్మశ్రీ పొందిన కమలా పూజారిది ఈ బొయిపరిగుడ సమితిలోని పాత్రపుట్ గ్రామమే. ఇక్కడివారు మాండియా అనేవి మన చోళ్లే. నూరు గ్రాముల చోళ్లలో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం, 11 గ్రాముల పీచు ఉంటాయి. పాలిష్ బియ్యంలో కాల్షియం పది మిల్లీగ్రాములైనా ఉండదు, పీచు మూడు గ్రాముల లోపే. అయితే అన్నం తిన్న తరువాత అదనంగా అంబలి తాగితే ప్రయోజనం లేదు. ఒక పూట అన్నానికి బదులుగా తీసుకోవాలి. మెత్తని పిండితో కాచిన పలుచని జావ త్వరగా జీర్ణమై రక్తంలో చక్కెరను పెంచగలదు కనుక మధుమేహం ఉన్నవారు దానిని పప్పు, కూర, మజ్జిగలతో కలిపి తీసుకోవాలి. పళ్లు లేనివారికి మెత్తగా ఉడికించిన ఉలవలు, కందిపప్పు, గుడ్డు, పెరుగు అనువైనవి.

పొట్ట తగ్గాలని ఉపవాసాలు చేయడం పెద్దలకు మంచిది కాదు. ఆకలితో తగ్గే బరువులో కండ కూడా పోతుంది. లేచి నిలబడే బలం తగ్గి పడిపోయే ప్రమాదం పెరుగుతుంది. ఇన్సులిన్, చక్కెర మాత్రలు వాడేవారు భోజనం మానితే స్పృహ తప్పవచ్చు. వారానికి 150 నిమిషాల నడకతో పాటు కుర్చీలో నుంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం వంటి కండరాల వ్యాయామం వారానికి రెండు రోజులైనా అవసరం. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు పప్పు, గుడ్డు పెంచేముందు వైద్యుని అడగాలి. ప్రయత్నించకుండానే ఆరు నెలల్లో బరువు 5 శాతం, అంటే అరవై కిలోలవారు మూడు కిలోలు తగ్గితే సంతోషించక పరీక్ష చేయించుకోవాలి.

ముప్పై దాటినవారందరికీ ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో రక్తపోటు, మధుమేహ పరీక్షలు ఉచితం. వెళ్లేటప్పుడు వాడుతున్న మాత్రల అట్టలు, నడుము కొలత రాసిన కాగితం వెంట తీసుకువెళ్లండి. ఒడియా సరిగా రాని పెద్దలతో ఇంట్లోవారు ఒకరు తోడుగా వెళ్లండి.